పాండిచ్చేరిలో కాన్సలుగారి కచేరీ

మా మేనత్త పాస్‌పోర్టు గడువు తీరవచ్చింది. కొత్తది వ్రాయించుకోవాలి, తోడుగా ఒక మనిషి కావాలి అని కబురు పెట్టింది. ఆమెకు డెబ్భై అయిదేళ్ళు. కొడుకూ మనుమలూ పారిసు దగ్గర ఉంటారు. పాండిచ్చేరిలో ఒంటరిగా ఉంటోంది. యానాంలో ఉన్న మేనల్లుణ్ణి నేను తప్ప ఆమెకు చేరువలో మగదిక్కు లేదు. చేరువ అన్నానే గాని, యానాంనుంచి పాండిచ్చేరికి ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాటే. రెండూ ఒకే ప్రభుత్వం కింద ఉన్నాయంటే కొత్తవారు నమ్మరు. మా ఊరి మనిషి పెద్ద కచేరీలో పని చూసుకోవాలంటే మొదట కాకినాడ చేరాలి, తరువాత రాత్రంతా రైలు, తెల్లవారి చెన్నైలో దిగి సముద్రపుటొడ్డు దారిన మళ్ళీ బస్సు.

2006 నుంచి ఆ ఊరిని పుదుచ్చేరి అనాలి. నోటి అలవాటు కొద్దీ నేను పాండిచ్చేరి అనే వ్రాస్తున్నాను. పాఠకులు మన్నింతురు గాక.

అత్తకు కావలసిన పాస్‌పోర్టు మన దేశానిది కాదు, ఫ్రాన్సు దేశానిది. కావున మేము వెళ్ళవలసిన చోటు ఫ్రెంచి కాన్సలు జనరల్‌గారి కచేరీ. అది సముద్రం వైపు వెళ్ళే మరీన్ వీధిలో ఉన్నది. పాండిచ్చేరి చూసినవారికి ఆ ప్రాంతం గుర్తు ఉంటుంది. ఊరి మధ్యనుంచి ఒక కాలువ పోతుంది. కాలువకు పడమట కొట్లు, కోవెళ్ళు, పూలబుట్టలు, జనం. తూర్పున తిన్నగా గీత గీసినట్టు వీధులు, ఎత్తయిన గోడలు, గోడలమీదనుంచి వంగి చూసే కాగితంపూల తీగలు. వీధి పేర్లు ఇప్పటికీ డ్యూమా, సఫ్రెన్, రోమే రోలాఁ. పోలీసుల తలమీద ఎర్రని ఫ్రెంచి టోపీ. ఉదయం ఎనిమిది గంటలకు ఆ వీధుల్లో మన చెప్పుల చప్పుడు మనకే వినిపిస్తుంది.

"నువ్వు లోపలికి రానక్కర్లేదులే. బయట గాలికి కూర్చో," అన్నది అత్త. చేతిసంచీలోనుంచి కాగితాల కట్ట తీసి, ఒకసారి లెక్క చూసుకుని, పైట సర్దుకుని లోపలికి వెళ్ళింది. వాకిట్లో మూడు రంగుల జెండా ఎగురుతోంది. నేను నాలుగడుగులు వేసి బీచి రోడ్డు గట్టుమీద కూర్చున్నాను.

చదువుకున్నవారు కూడా రాయబారి కచేరీకీ కాన్సలు కచేరీకీ భేదం పాటించరు గనుక ఇక్కడ ఒక మాట చెప్పాలి. రాయబారి ఒక ప్రభుత్వం తరఫున మరొక ప్రభుత్వంతో మాట్లాడేవాడు. అందుచేత అతని మకాం రాజధానిలో. ఫ్రెంచి రాయబారి ఢిల్లీ చాణక్యపురిలో ఉంటాడు. కాన్సలు సంగతి వేరు. అతని పని మనుషులతో. తమ దేశస్థులు ఎక్కడెక్కడ ఉంటే అక్కడ వారికి పాస్‌పోర్టు ఇవ్వడం, పుట్టినా చచ్చినా పెళ్ళయినా పుస్తకంలో వ్రాయడం, వారిలో ఎవరైనా జైల్లో పడితే వెళ్ళి పలకరించడం, ఆ దేశం వెళ్ళదలచిన పరాయివారికి వీసా ఇవ్వడం. పూర్వం మధ్యధరా సముద్రపు రేవుల్లో వర్తకుల తగవులు తీర్చడానికి పెట్టుకున్న పెద్దమనుషులే ఈ కాన్సళ్ళకు మూలపురుషులు. అందుకే కాన్సళ్ళు ఒక దేశంలో నలుగురయినా ఉండవచ్చు. ఫ్రాన్సుకు మన దేశంలో ముంబయి, కోల్‌కతా, బెంగళూరు, పాండిచ్చేరి నగరాల్లో కాన్సలు జనరళ్ళు ఉన్నారు.

ఇంకొక అపోహ కూడా ఉన్నది. ఆ కచేరీ గడప దాటితే ఫ్రాన్సు భూమి అని మా ఊళ్ళో పెద్దలు కూడా అంటూ ఉంటారు. అది సరికాదు. భూమి మన దేశానిదే, చట్టమూ మనదే. కాని 1961లో వియన్నా నగరంలో రాయబారుల విషయమై ఒక ఒడంబడిక, 1963లో అక్కడే కాన్సళ్ళ విషయమై మరొక ఒడంబడిక జరిగాయి. వాటి ప్రకారం ఆ కచేరీలోకి మన అధికారులు అనుమతి లేకుండా అడుగుపెట్టరాదు, అక్కడి దస్తావేజులు ముట్టుకోరాదు. పరువైన అతిథికి ఇచ్చిన గది లాంటిదన్న మాట. ఇల్లు మనదే, తలుపు మాత్రం తట్టి వెళ్ళాలి.

ముంబయిలోనో బెంగళూరులోనో ఉన్న కాన్సలు దగ్గరకు వెళ్ళేవారిలో ఎక్కువమంది వర్తకులు, విద్యార్థులు, యాత్రికులు. పాండిచ్చేరి కచేరీ మాత్రం వేరు. దాని ముందు నిలబడేవారిలో చీర కట్టిన ముసలమ్మలు, పంచె కట్టిన పింఛనుదార్లు, తమిళంలో ముచ్చటించుకునే కుర్రవాళ్ళు కనిపిస్తారు. వీళ్ళు ఫ్రాన్సునుంచి వచ్చినవారు కారు. ఫ్రాన్సే వీళ్ళ దగ్గరకు వచ్చి, కొన్నాళ్ళుండి, వెళ్ళిపోతూ వీళ్ళను తన పుస్తకాల్లో ఉంచుకున్నది.

1947 తరువాత ఏడేళ్ళపాటు ఈ ఊళ్ళో కాన్సలు ఉండేవాడు గాని, ఫ్రెంచి కాన్సలు కాదు, భారతదేశపు కాన్సలు! చుట్టూ ఉన్న నేలంతా మనది, మధ్యలో ఈ ఊరు పరాయి దేశం, దాని పొలిమేరల్లో సుంకం చౌకీలు. కనుక ఢిల్లీ ప్రభుత్వం ఇక్కడ ఒక కాన్సలు జనరల్‌ను నియమించవలసి వచ్చింది. వారిలో చివరివాడు కేవల్ సింగ్. 1954 అక్టోబరు 18న కీళూరులో ప్రజాప్రతినిధులు 178 మంది సమావేశమై, 170 మంది విలీనానికి ఒప్పుకున్నారు, ఎనిమిదిమంది కాదన్నారు. నవంబరు 1న ఊరు మన చేతికి వచ్చింది. ఆ ఉదయంనుంచి కేవల్ సింగే ఆ ప్రాంతానికి చీఫ్ కమిషనరు. నిన్నటిదాకా పరాయి ఊళ్ళో కాన్సలుగా ఉన్నవాడు ఈవేళ అదే ఊరికి పాలకుడు! ఇక కాన్సలును ఉంచుకోవలసిన వంతు ఫ్రెంచివారిది అయింది. గవర్నరు మేడలో కాపురమున్నవారు ఒక వీధిలో కచేరీ పెట్టుకుని బోర్డు తగిలించవలసి వచ్చింది.

మా యానాం అంతకు ముందే, 1954 జూన్ 13న, ఫ్రెంచివారి చేయి విడిపించుకున్నది. ఆ రోజుల సంగతులు మా ఇళ్ళల్లో కథలు కథలుగా చెప్పుకుంటారు, అవి మరొకప్పుడు. ఊరు చిన్నదే, ముప్ఫై చదరపు కిలోమీటర్లు. అయినా గౌతమి ఒడ్డున ఆ చిన్న ముక్కకు వేరే చట్టం ఉండేది. శారదా చట్టం వచ్చిన తరువాత ఇరుగుపొరుగు జిల్లాల వారు పసిపిల్లలకు పెళ్ళిళ్ళు చేయడానికి మా ఊరికి బండ్లు కట్టుకుని వచ్చేవారట. దానికి కల్యాణపురం అనే పేరు కూడా ఉండేది. అంత గొప్ప పేరేమీ కాదు గాని, గీతకు ఇవతల ఒక న్యాయం, అవతల ఒక న్యాయం ఉంటే జనం ఎట్లా సర్దుకుంటారో దాన్నిబట్టి తెలుస్తుంది.

ఊరు చేతికి వచ్చింది గాని కాగితం మీద రాలేదు. 1956 మే 28న ఢిల్లీలో సంధి వ్రాసుకున్నారు. మన పక్షాన నెహ్రూగారు, వారి పక్షాన రాయబారి ఓస్త్రోరోగ్ సంతకాలు చేశారు. కాని ఫ్రాన్సు పార్లమెంటు దాన్ని ఆరేళ్ళు కదల్చలేదు. అప్పుడు అల్జీరియాలో యుద్ధం నడుస్తున్నది. ఒక చోట నేల వదులుకున్నామని చట్టం చేస్తే మరొక చోట ఏమంటారో అన్న శంక. 1962లో అల్జీరియా స్వతంత్రమయ్యాక గాని ఆమోదం దొరకలేదు. ఆగస్టు 16న పత్రాలు మార్చుకున్నారు. అంతవరకు, అంటే మనవాళ్ళ పాలన వచ్చిన ఎనిమిదేళ్ళ తరువాత కూడా, చట్టం లెక్కన మా యానాం వాళ్ళు ఫ్రెంచివారే.

ఆ సంధిలో నాలుగో అధికరణం, అయిదో అధికరణం మా కుటుంబాన్ని రెండు చేశాయి. ఇక్కడ పుట్టి ఇక్కడే కాపురమున్న ఫ్రెంచి పౌరులందరూ ఆ దినంనుంచి భారతీయులు. అట్లా వద్దనుకున్నవారు ఆరు నెలల లోపల వ్రాతమూలకంగా చెప్పుకుంటే ఫ్రెంచివారుగానే ఉండవచ్చు. పెళ్ళికాని, పద్ధెనిమిదేళ్ళు నిండని పిల్లలు తండ్రి ఏ గట్టున ఉంటే ఆ గట్టే. కాగితం వ్రాసినవాడు ఫ్రెంచివాడు, వ్రాయనివాడు భారతీయుడు. అన్ని చోట్లా కలిపి సుమారు అయిదు వేల మంది వ్రాశారంటారు.

మా మామ్మ తమ్ముడు అప్పటికే పాండిచ్చేరిలో గుమాస్తా పని చేస్తున్నాడు. ఆయన వ్రాశాడు. మా తాత యానాంలో వ్యవసాయం. ఆయన వ్రాయలేదు. ఎందుకు వ్రాయలేదన్న దానికి మా ఇంట్లో రెండు కథలు ఉన్నాయి. మా నాన్నగారు చెప్పేది, "ఊరు విడిపించుకోవడానికి తిరిగినవాడు మళ్ళీ పోయి పరాయి దొరకు అర్జీ పెడతాడట్రా?" అని. మామ్మ చెప్పేది వేరు. ఆ ఆరు నెలలూ ఆగస్టునుంచి ఫిబ్రవరిదాకా. ఊడ్పులు, కోతలు, కుప్పలు, సంక్రాంతి అన్నీ అందులోనే పడ్డాయి. పాండిచ్చేరి వెళ్ళి వచ్చే ఖర్చుకు ధాన్యం అమ్మాలి, అమ్మేవేళకు గడువు దాటిపోయింది. "దేశభక్తీ లేదు, గీశభక్తీ లేదు. మీ తాతకు కుప్ప నూర్చడానికే తీరలేదు," అనేది ఆమె. నేను ఇద్దరి మాటా నమ్ముతాను. ఒకే మనిషికి రెండు కారణాలు ఉండకూడదని ఎక్కడా లేదు గదా.

మా అత్త 1950లో పుట్టింది. పుట్టినప్పుడు ఫ్రెంచి పౌరురాలు. పన్నెండో ఏట, 1962లో, తండ్రితోపాటు భారతీయురాలయింది. 1969 వైశాఖంలో మేనరికం చేశారు. పాండిచ్చేరి మేనమామ కొడుక్కే ఇచ్చారు. అప్పటి ఫ్రెంచి చట్టం ప్రకారం ఫ్రెంచివాణ్ణి పెళ్ళాడిన పరదేశపు స్త్రీకి పెళ్ళితోనే పౌరసత్వం వచ్చేది. 1973లో ఆ నియమం మార్చారు. పెళ్ళి సంగతి కాన్సలు కచేరీలో వ్రాయించారు, అత్త మళ్ళీ ఫ్రెంచి పౌరురాలయింది. మూడు ముళ్ళు పడ్డప్పుడు ఆమె పుట్టిన ఊరి పందిట్లోనే కూర్చుని ఉన్నది. పందొమ్మిదేళ్ళకు రెండుమార్లు దేశం మారిన మనిషి, అప్పటికి కాకినాడ దాటి ఎరుగదు!

బరంపురంలోనో బళ్ళారిలోనో హోసూరులోనో ఉండి ఈ పత్రిక చదువుతున్నవారికి ఈ సంగతి వింతగా తోచదనుకుంటాను. గీతలు గీసేవారు గీస్తారు, ఇళ్ళు ఉన్నచోటనే ఉంటాయి. మీకు మారినవి రాష్ట్రాలు, మావాళ్ళకు దేశమే మారింది. తేడా అంతే. పాస్‌పోర్టు అవసరం పడ్డప్పుడు మాత్రం ఆ తేడా కొంచెం పెద్దదిగానే కనిపిస్తుంది.

మామయ్య ఫ్రెంచి సైన్యంలో పదిహేనేళ్ళు చేసి, పింఛను పుచ్చుకుని తిరిగివచ్చాడు. పాండిచ్చేరిలో ఇట్లాంటివారిని 'సొల్దా'లంటారు. ఫ్రెంచిలో సిపాయికి ఉన్న మాటే అది. జూలై 14న వీరిలో పెద్దలు పతకాలు తగిలించుకుని బీచి రోడ్డు మీది యుద్ధ స్మారకం దగ్గర నిలబడతారు. దానికి దాపుననే గాంధీగారి విగ్రహం ఉన్నది. నేను కూర్చున్న గట్టునుంచి ఎంతో దూరం లేదు. ఆ స్మారకం మొదటి ప్రపంచ యుద్ధంలో పోయినవారిది. ఆ వేళ గేటు వేసి ఉన్నది, తోటమాలి ఒక్కడు నీళ్ళు పోస్తున్నాడు.

మామయ్య పోయి తొమ్మిదేళ్ళయింది. పింఛనులో అత్త భాగం అత్తకు వస్తున్నది. అందుకుగాను ఏటేటా తాను బ్రతికే ఉన్నానని కాగితం పంపాలి. "యముడికీ వీళ్ళకీ ఒకటే లెక్కరా. ఏడాదికోసారి పేరు చూసుకుంటారు," అంటుంది. 2022 ఏప్రిల్‌లో ఫ్రాన్సు అధ్యక్షుడి ఎన్నికకు ఇక్కడే, పాండిచ్చేరిలోనే, ఓటు వేసి వచ్చింది. విదేశాల్లో ఉన్న ఫ్రెంచివారికి ఆ దేశపు శాసనసభలో 2012 నుంచి పదకొండు స్థానాలు ఉన్నాయి. మన దేశంలో ఉన్నవారు పదకొండో నియోజకవర్గం కింద వస్తారు. కాని 2024 ఏప్రిల్ 19న పాండిచ్చేరి పార్లమెంటు స్థానానికి పోలింగు జరిగిన నాడు ఆమె అరుగుమీద కూర్చుని చూస్తూ ఉండిపోయింది. అదే స్థానానికి నేను యానాంలో ఓటు వేశాను. వీధిలో నీళ్ళు రాకపోతే బాధపడేది అత్త, ఆ సంగతి అడిగే హక్కు మాత్రం నాది!

గౌతమి ఒడ్డున తాత పంచి ఇచ్చిన కొబ్బరితోటలో అత్తకు కొంత భాగం ఉన్నది. ప్రవాస భారతీయులకిచ్చే ఓ.సి.ఐ. కార్డు ఆమెకు ఉన్నది గనుక వీసాల బాధ లేదు, వారసత్వంగా వచ్చిన తోట ఉంచుకోవచ్చు. కాని పక్కనున్న నాలుగు సెంట్లు కలుపుకుందామంటే చట్టం ఒప్పదు. వ్యవసాయ భూమి కొనే హక్కు ఆ కార్డుతో రాదు. ఆమెకు పెద్ద దిగులు అదే. పారిసులో కొడుకు కట్టుకున్న ఇంటి గురించి ఒకసారి చెబితే, ఆ నాలుగు సెంట్ల గురించి పదిసార్లు చెబుతుంది.

ఇదంతా ఒకవైపునుంచి చూసిన మాట. మన దేశానికి కూడా పరాయి ఊళ్ళల్లో ఇట్లాంటి కచేరీలు ఎన్నో ఉన్నాయి. హిందూ మహాసముద్రంలో రీయూనియన్ అనే ఫ్రెంచి దీవి ఉన్నది. అక్కడి చెరకు తోటలకు 1828లో మొట్టమొదట వెళ్ళిన కూలీలు మా యానాంనుంచి ఓడ ఎక్కిన తెలుగువాళ్ళే. ఆ దీవి ముఖ్యపట్టణం సాఁ దెనీలో మన కాన్సలు జనరల్ కచేరీ ఉన్నది. 2025 ఫిబ్రవరిలో మార్సేయి రేవులో మరొకటి తెరిచారు. పాండిచ్చేరిలో ఒక ముసలమ్మ కోసం ఫ్రాన్సు బల్ల వేసి కూర్చున్నట్టే, అక్కడ ఎవరి కోసమో మనవాడు కూడా బల్ల వేసుకుని కూర్చుని ఉంటాడు.

పదకొండు దాటింది. ఎండ గట్టెక్కింది. అత్త బయటకు వచ్చింది. ముఖం చూస్తే పని అయినట్టే ఉన్నది.

"వేలిముద్రలు తీసుకున్నారు. నా వేళ్ళు అరిగిపోయాయట, రెండుసార్లు పెట్టించారు. ఆ పిల్ల మంచిదిరా, తమిళం పిల్ల. 'పాట్టీ, మెల్లగా, మెల్లగా' అన్నది," అంటూ గట్టుమీద కూర్చుంది.

"ఎన్నాళ్ళకిస్తారు?"

"కొన్ని వారాలు పడుతుందట. గడువు పదేళ్ళు. ఎనభై అయిదు దాకా నన్ను ఉండమంటోంది ఫ్రాన్సు. నువ్వేమంటావు?"

సంచీలోనుంచి ఒక కాగితం తీసి చూపించింది. ఆమె జనన పత్రం. మా యానాం మునిసిపాలిటీ వ్రాసింది కాదు. ఫ్రాన్సులో నాంతు అనే నగరంలో 1965 నుంచి ఒక పెద్ద కచేరీ ఉన్నది. విదేశాల్లోనూ పాత ఫ్రెంచి సీమల్లోనూ పుట్టినవారి లెక్కలు అక్కడ ఉంటాయి. కాన్సలు కచేరీల్లో వ్రాసిన పుస్తకాలకు జోడు ప్రతి కూడా చివరకు అక్కడికే చేరుతుంది. గోదావరి గట్టున మంత్రసాని చేతుల్లో పుట్టిన పిల్ల కాగితం అట్లాంటిక్ తీరానికి అంత దగ్గరగా పోయి కూర్చున్నది. అందులో అత్త పేరును ఫ్రెంచి పద్ధతిలో వ్రాశారు. ఒక్క ఉకారానికి రెండేసి అక్షరాలు. ఆమె ఓ.సి.ఐ. కార్డులో ఉకారానికి ఒక్కటే అక్షరం. ఈ రెండూ ఒకే మనిషి అని ఋజువు చేసే కాగితం ఇంకొకటి ఉన్నది. దాన్ని ఆమె ప్లాస్టిక్ కవరులో వేరే దాచుకున్నది. పుట్టిన ఊరి దగ్గర 'యానాఁవ్' అని పాత ఫ్రెంచి పేరు ఉన్నది.

"నాంతు చూశావా అత్తా?" అన్నాను.

"లేదురా. ఫ్రాన్సులో అన్నేళ్ళున్నాం, మామయ్య ఎటెటో తిప్పాడు గాని అటువైపు పోలేదు. నా కాగితం ఉందిగా, ఇంక నేనెందుకూ!"

కొడుకు వచ్చెయ్యమంటున్నాడు. పాస్‌పోర్టు చేయించుకోవడం అందుకేనా అని దారంతా అడగాలనుకుంటూ వచ్చాను. ఆమె వెళ్ళిపోతే పాండిచ్చేరిలో ఇల్లు మూతపడుతుంది, మాకు ఆ ఊరితో ఉన్న దారం తెగుతుంది. తీరా ఇప్పుడు అడిగితే అత్త సముద్రం వైపు చూస్తూ, "చేతిలో లేకపోతే వెళ్ళలేననిపిస్తుంది. ఉంటే, వెళ్ళకపోయినా ఫరవాలేదనిపిస్తుంది," అన్నది. నేను మళ్ళీ రెట్టించలేదు.

కాలువ దాటి, పడమటి వైపు ఒక కాఫీ హోటలులో ఇడ్లీ తిన్నాము. పాస్‌పోర్టు వచ్చినప్పుడు స్వయంగా వెళ్ళి పుచ్చుకోవాలి. అప్పటికి నేను మళ్ళీ రానా అంటే ఆమె చేయి ఊపింది.

"ఇచ్చేటప్పుడు నేనొక్కదాన్నీ పోయి తెచ్చుకుంటాలే. నువ్వు ఊరు వెళ్ళగానే కొబ్బరికాయల లెక్క పంపించు. పోయిన దింపుది కూడా రాలేదు."